సూర్యుని కరెంటుకు సర్టిఫికెట్టు: చేనేత సంఘములకు దానితో ఏమి పని?

సోదర సంఘముల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు ఉపయోగపడునను తలంపుతో మా సంఘమునకు కలిగిన ఒక అనుభవమును, దానితో ముడిపడిన ఒక కొత్త వ్యవహారమును ఈ సంచికలో వివరించుచున్నాను. ఇది నూలు ధర సంగతి కాదు, రిబేటు బాకీల సంగతి కాదు. కరెంటు సంగతి. మగ్గమునకు కరెంటు అక్కరలేని మనకు ఈ గొడవ దేనికని మొదట నేనును అనుకొన్నాను.

గత దసరాకు ముందు, డిపోలో ఊపిరి సలపని అమ్మకముల మధ్య, మా బెంగుళూరు సంఘమునకు ఒక ఫారము వచ్చినది. పంపినవారు మా వద్ద దుప్పట్లు, మేజాగుడ్డలు కొని విదేశములకు ఎగుమతి చేయు వర్తకులు. నాలుగు పుటల ఫారము. మొదటి రెండు పుటలలో నూలు ఏ మిల్లుది, కౌంటు ఎంత, రంగు ఏ తరగతిది అని మనకు తెలిసిన ప్రశ్నలే. మూడవ పుటలో మాత్రము, సంవత్సరమునకు ఎన్ని యూనిట్ల విద్యుచ్ఛక్తి వాడుచున్నారు, అందులో పునరుత్పాదక శక్తి ఎంత, ఆర్.ఇ.సి.లు కొన్నారా లేదా అని అడిగినారు. ఆ పుట నింపని సంఘముల విషయములో రాబోవు ఆర్డరు గురించి పునరాలోచింపవలసి యుండునని అడుగున ఒక వాక్యము. ఆ ఆర్డరు అనగా మా 62 మగ్గములలో సగమునకు నాలుగు నెలల పని.

పాలకవర్గ సమావేశములో ఫారము చదివి వినిపించగా మా అధ్యక్షులవారు కళ్ళద్దములు తీసి బల్లమీద పెట్టి, "ఏమయ్యా సెక్రెటరీ, కరెంటుకు బిల్లు కట్టితే చాలదా? సర్టిఫికెట్టు కూడ కావలెనా?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. వారము తిరుగకముందే జవాబు చెప్పుటకు ఒక ఏజెంటు వచ్చినాడు. అట్టివారికి వార్త ఎట్లు అందునో! చేతిలో రంగుల పుస్తకము, దాని అట్టమీద పావగడ సోలారు పార్కు ఫోటో. 45,000 రూపాయలు ఇచ్చినచో మా సంఘము నూటికి నూరు పాళ్ళు సూర్యశక్తితో నడచుచున్నదని ఒక పత్రము, ప్రతి దుప్పటికి అంటించుకొనుటకు ఆకుపచ్చ చీటీలు ఇత్తునన్నాడు. ఆర్డరు పోవునేమో అను భయమున చెక్కు వ్రాయుటకు కూడ సిద్ధపడితిమి. ఒక సభ్యుడు, "అసలు ఆ కాగితము ఏమిటో తెలిసికొని ఇత్తము" అనుటచే ఆగినాము. అది తెలిసికొనుటకు నాకు రెండు నెలలు పట్టినది. తెలిసినంత వరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

కరెంటు వేరు, సాక్ష్యము వేరు

తీగలో వచ్చు కరెంటుకు ఊరూ పేరూ ఉండవు. రాయచూరులో బొగ్గు కాల్చి తీసినది, శరావతి నీటితో తీసినది, చిత్రదుర్గము గుట్టలమీద గాలిమరలు తీసినది, పావగడ పలకలు ఎండనుండి పట్టినది, అంతయు గ్రిడ్డు అను ఒకే వలలో కలసిపోయి మన ఇంట బల్బు వెలిగించును. పది ఇండ్ల గంజి ఒకే తొట్టిలో పోసిన తరువాత ఇది ఎవరింటి గంజి అని తేల్చుట ఎట్లు? బెంగుళూరుకు మొదట వచ్చినప్పుడు ఈ చిక్కు లేదు. 1902లో కోలారు బంగారు గనులకు, 1905లో ఈ నగరపు వీధి దీపములకు కావేరిమీది శివనసముద్రమునుండి తీగ లాగినారు. అది నీటి కరెంటని అందరికిని తెలియును. ఇప్పుడు అట్లు కాదు.

అందుచేత లెక్కను కరెంటునుండి విడదీసినారు. సూర్యరశ్మి, గాలి, చెరకు పిప్పి మొదలగువానితో 1,000 యూనిట్లు, అనగా ఒక మెగావాట్ గంట, ఉత్పత్తి చేసినందుకు ఒక సర్టిఫికెట్టు పుట్టును. దీనినే పునరుత్పాదక శక్తి సర్టిఫికెట్టు, పొట్టిగా ఆర్.ఇ.సి. అందురు. కరెంటు ఒక సరుకు. అది బొగ్గు కాల్చకుండ తీసినదను సాక్ష్యము మరియొక సరుకు. ఉత్పత్తిదారుడు మొదటిదానిని మామూలు కరెంటు ధరకు ఒకరికి, రెండవదానిని వేరొకరికి అమ్ముకొనవచ్చును. కరెంటు గుల్బర్గాలో వాడుకొనవచ్చును, సాక్ష్యము ఢిల్లీలో ఒక కంపెనీ కొనవచ్చును.

మన దేశములో దీనికి మూలము 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము. కరెంటు పంపిణీ సంస్థలు తాము కొను కరెంటులో ఇంత శాతము పునరుత్పాదక శక్తి ఉండవలెనని రాష్ట్ర నియంత్రణ సంఘములు విధించుటకు ఆ చట్టము వీలు కల్పించినది. ఎండ, గాలి తక్కువగానున్న రాష్ట్రములు ఏమి చేయవలెనను ప్రశ్నకు జవాబుగా కేంద్ర నియంత్రణ సంఘము 2010 జనవరిలో సర్టిఫికెట్ల నియమములు చేసినది. ఆ సంవత్సరము నవంబరులో పద్ధతి ఆరంభమై, 2011 మార్చిలో మొదటి క్రయవిక్రయములు జరిగినవి. ఉత్పత్తి కేంద్రమును ముందు రాష్ట్రములోని ఏజెన్సీ గుర్తించును. తరువాత ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటరు తన పుస్తకములో నమోదు చేయును. మీటరు లెక్క సరిచూచినపిమ్మట ఆ సెంటరే సర్టిఫికెట్లు జారీ చేయును. కాగితము చేతికి రాదు. బ్యాంకు ఖాతావలె ఒక ఖాతాలో జమ పడును. వానిని నిర్ణీత బుధవారములలో పవర్ ఎక్స్ఛేంజీలలో అమ్ముదురు. కొన్నవాడు తన లెక్కకు చూపుకొన్న వెంటనే ఆ సర్టిఫికెట్టు రద్దయిపోవును, రైలు దిగి గేటువద్ద టిక్కెట్టు ఇచ్చివేసినట్లు. ఈ చివరి మెట్టు లేనిచో తక్కినదంతయు వట్టి మాట. ఒకే టిక్కెట్టుమీద ఇద్దరు ప్రయాణము చేయుదురు.

చిలప నూలు బాధ్యత వంటిదే

ఇది విన్నప్పుడు మా అధ్యక్షులవారే, "ఇది మన చిలప నూలు కథ గదా!" అన్నారు. ఆయన మాట నిజము. నూలు మిల్లులు తాము దేశములో అమ్మకమునకు కట్టిన నూలులో ఒక భాగము చేనేతవారి కొరకు చిలపల రూపములో కట్టవలెనని ప్రభుత్వము నిర్బంధించిన సంగతి సభ్యులందరికి తెలిసినదే. 2003 ప్రకటన ప్రకారము అది 40 శాతము. 2019 నుండి 30 శాతమునకు తగ్గించినారు. అందులో నూటికి 80 వంతులు 80 కౌంటు, అంతకు లోపు ఉండవలెను. చిలపలు చుట్టు వసతి లేని మిల్లు ఏమి చేయును? తన వాటాకంటె ఎక్కువ చుట్టిన మరియొక మిల్లుకు కిలోకు ఇంతయని ఇచ్చి తన బాధ్యతను దానిమీదికి బదిలీ చేసికొనును. మొదటి మిల్లు ఒక్క చిలపయైనను చుట్టలేదు, కాని దాని లెక్క సరిపోయినది. రెండవ మిల్లుకు చిలపలు చుట్టినందుకు నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చినవి. మొత్తముమీద దేశములో చిలప నూలు తయారైనది.

చిలప స్థానములో సూర్యుని కరెంటును, మిల్లు స్థానములో పంపిణీ సంస్థను పెట్టుకొన్నచో ఆర్.ఇ.సి. పూర్తిగా అర్థమైనట్లే. స్వంత కరెంటు కేంద్రములున్న పెద్ద ఫ్యాక్టరీలకు, పంపిణీ సంస్థను దాటి నేరుగా కరెంటు కొనుకొను వారికి కూడ ఈ నిర్బంధము కలదు. అది తమకు చెల్లదని వారు పోరాడగా 2015 మేలో సుప్రీంకోర్టు చెల్లునని తీర్పు చెప్పినది. కేంద్ర ప్రభుత్వము 2023 అక్టోబరులో ప్రకటించిన లెక్కలో ఈ వాటా 2024-25కు 29.91 శాతము, అక్కడినుండి ఏటేట పెరిగి 2029-30 నాటికి 43.33 శాతము. మీటరు బిల్లు కట్టుకొను మన సంఘములు ఈ నిర్బంధము క్రిందికి రావు. మనము కొన్నచో అది స్వచ్ఛందమే.

పోలిక మంచికే కాదు, చెడుకు కూడ సరిపోవును. చిలపలుగా కట్టిన నూలు దారి తప్పి మరమగ్గములకు చేరుచున్నదని మనము ఎన్ని ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నామో లెక్కలేదు. పుస్తకములో లెక్క చక్కగా ఉండును, గుంటమగ్గము వద్దకు నూలు రాదు. సర్టిఫికెట్ల విషయములో జరిగినది వేరొక రకము. మొదటి ఏండ్లలో సోలారు సర్టిఫికెట్టుకు కనీసపు ధర 12,000 రూపాయలు. దానిని నమ్మి చాలమంది పలకలు పెట్టినారు. పంపిణీ సంస్థలు కొనలేదు; కొననివారిని గట్టిగా అడిగినవారును లేరు. కోటికి పైగా సర్టిఫికెట్లు అమ్ముడుపోక మూలబడినవి. కనీసపు ధర 2012లో 9,300కు, 2015లో 3,500కు, 2017లో 1,000కి దిగినది. పలకల ధర పడిపోవుట అందుకొక కారణము, నిజమే. అయినను ముందుగా పెట్టుబడి పెట్టినవాని గతి, ధర ఉన్నప్పుడు నూలు నిలువ చేసికొన్న సంఘము గతివంటిదే. 2020 జులై నుండి 2021 నవంబరు వరకు వ్యాజ్యములవలన అమ్మకములే నిలిచిపోయినవి. 2022 డిసెంబరునుండి కొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. కనీసపు ధర, గరిష్ఠపు ధర రెండును ఎత్తివేసినారు. అమ్ముడుపోవువరకు సర్టిఫికెట్టుకు కాలదోషము లేదు. ఎక్స్ఛేంజీలోనే కాక లైసెన్సు గల విద్యుత్ వ్యాపారులవద్ద కూడ కొనవచ్చును. ఆ తరువాత ధర కొన్ని వందల రూపాయల దగ్గర తిరుగుచున్నది. అనగా యూనిట్టుకు అర్ధరూపాయి కూడ పడదు.

నిర్బంధము లేనివారు ఎందుకు కొందురు? ఫారము పంపిన వర్తకులవంటి వారి వెనుక విదేశపు పెద్ద దుకాణములున్నవి. తాము, తమకు సరుకు పంపువారు కలసి ఎంత బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి వదలుచున్నారో వారు లెక్క చూపవలసి వచ్చుచున్నది. మన దేశపు గ్రిడ్డు కరెంటు 1,000 యూనిట్లు వాడినచో సుమారు 700 కిలోల పైచిలుకు వాయువు వదలినట్లని కేంద్ర విద్యుత్ అథారిటీ లెక్క. అంతర్జాతీయముగా ఈ లెక్క వ్రాయు పద్ధతిలో 2015 నుండి రెండు పద్దులున్నవి. ఒక పద్దులో మీ ఊరి గ్రిడ్డు సగటును బట్టి వ్రాయుదురు. రెండవ పద్దులో మీరు కొని రద్దు చేయించిన సర్టిఫికెట్లకు సరిపడు భాగము తీసివేసి వ్రాయుదురు. సర్టిఫికెట్టు కొనుటచే రెండవ పద్దు సున్నకు దిగవచ్చును, మొదటి పద్దు కదలదు. రెండును చూపువాడు నిజాయితీపరుడు. రెండవది ఒక్కటే అచ్చువేసి పంచిపెట్టువానిని కొంచెము అనుమానించుట మంచిది. మన బెంగుళూరు ఇన్ఫోసిస్ కంపెనీ, నూటికి నూరు పాళ్ళు పునరుత్పాదక కరెంటే వాడుదుమని ప్రతిన చేయు ప్రపంచ కంపెనీల కూటమిలో 2015లో చేరినది. భారతదేశమునుండి మొదట చేరినది అదే. అట్టి కంపెనీలు స్వంతముగా పలకలు పెట్టుకొనగలవు, దీర్ఘకాలపు ఒప్పందములతో కరెంటే నేరుగా కొనగలవు. ఆ శక్తి లేనివారికి సర్టిఫికెట్టు దగ్గరి దారి.

పావగడ ఎండ ఎవరి లెక్కలోనిది?

ఏజెంటు పుస్తకముమీది ఫోటో నన్ను విడువలేదు. పావగడ మాకు పరాయి ఊరు కాదు. తుమకూరు జిల్లా తాలూకాయే గాని దాదాపు చుట్టును ఆంధ్రదేశమే. ఇండ్లలో తెలుగే వినవచ్చును. మా మేనమామగారి ఊరు ఆ ప్రక్కనే. మాఘమాసములో ఒక పెండ్లికి పోయి, మరునాడు ఆ పార్కు చూచి వచ్చినాను. వల్లూరు, తిరుమణి, బాలసముద్రము మొదలగు అయిదు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరములు. 2,050 మెగావాట్లు. చూపు ఆనినంత దూరము పడుగు పరచినట్లు వరుసలు వరుసలుగా నల్లని పలకలు. వేరుసెనగ పండినదో ఎండినదో దేవునికే ఎరుకయైన నేల అది. ప్రభుత్వము ఆ భూమిని కొనలేదు, కౌలుకు తీసికొన్నది. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు పెంపు. 2018లో మొదటి భాగము ఆరంభమైనది.

మా మేనమామ కొడుకు తన ఏడెకరములు కౌలుకు ఇచ్చినాడు. "బావా, వాన కోసరం ఆకాశం దిక్కు చూసే పని తప్పింది. ఏడాదికి ఇంతని దుడ్డు బ్యాంకులో పడతాది" అన్నాడు. మరి ఆ పొలములలో కూలి చేసినవారి సంగతి ఏమని అడిగితిని. "వాళ్లకేముంది బావా, భూమి లేనోళ్లకు కౌలెక్కడిది? కొందరు గడ్డి కోసేదానికి, పలకలు కడిగేదానికి చేరినారు. తక్కినోళ్లు మీ బెంగుళూరికే వచ్చినారు" అన్నాడు. గొర్రెలవారు మేపు లేక మందలు అమ్ముకొన్నారట. ఆకుపచ్చ చీటీ మీద ఇవన్నియు వ్రాయుటకు చోటుండదు గాని, ఆ చీటీ కొనువారు తెలిసికొనవలసిన సంగతులే.

తిరిగి వచ్చి మరియొక సంగతి తెలిసికొన్నాను. పావగడ కరెంటులో ఎక్కువ భాగము దీర్ఘకాలపు ఒప్పందములమీద కర్ణాటక పంపిణీ సంస్థలకే పోవుచున్నది. అవి తమకున్న నిర్బంధపు వాటాలో దానిని చూపుకొనుచున్నవి. అట్లు ఒప్పందపు ధరకు పంపిణీ సంస్థకు అమ్మి, ఆ సంస్థ వాటా లెక్కలోనికి పోయిన యూనిట్టుకు నియమముల ప్రకారము ఆర్.ఇ.సి. పుట్టదు. పుట్టరాదు కూడ. ఒకే చిలపను రెండు మిల్లుల పుస్తకములలో వ్రాసినట్లగును.

ఏజెంటును మరల పిలిపించితిని. మీరు ఇచ్చునది ఏ కేంద్రపు ఉత్పత్తి, ఏ నెలలది, ఏ ఖాతాలోనుండి మా పేర రద్దగును, ఆ రద్దుకు సంఖ్య ఇత్తురా అని అడిగినాను. "అవన్నీ మీకెందుకు సార్? లేబుల్ వస్తుంది కదా" అన్నాడు. రద్దు సంఖ్య వ్రాసి ఇచ్చినచో చెక్కు సిద్ధముగా ఉన్నదని చెప్పితిని. పుస్తకము బల్లమీద మరచిపోయి వెళ్ళినాడు, తిరిగి రాలేదు. అది ఇప్పటికిని మా ఆఫీసులో ఉన్నది. ఇతర సంఘములకు అట్టివారు వచ్చినచో ఆ నాలుగు ప్రశ్నలే అడుగవలసినదిగా కోరుచున్నాను. సరియైన వ్యాపారి వానికి నొచ్చుకొనడు, వెంటనే జవాబిచ్చును.

మా లెక్క

ఫారము మాత్రము నింపవలసియే ఉన్నది. గుమాస్తాచేత పన్నెండు నెలల బెస్కాం బిల్లులు తీయించి కూడగా 18,400 యూనిట్లు వచ్చినవి. నిజము చెప్పవలెనన్న, అంతకు ముందు ఎన్నడును కూడి చూడలేదు. బిల్లు వచ్చుట, తిట్టుకొని కట్టుట, అంతే. ఆ 18,400లో సగమునకు పైగా అమ్మకపు డిపోదే! గాజు తలుపుల వెనుక పగలంతయు వెలుగు దీపములు, వేసవిలో చల్లయంత్రము. తక్కినది అద్దకపు శాలలో నీటి మోటారు, తడి చిలపల నీరు పిండు యంత్రము, కండెలు చుట్టు చిన్న మోటార్లు, ఆఫీసు కంప్యూటరు. డిపోలో పాత దీపములు మార్చి, మధ్యాహ్నము జనము లేని గంటలలో సగము ఆర్పుటకు ఏర్పాటు చేసినాము. దానికి సర్టిఫికెట్టు ఎవరును అడుగలేదు, ఖర్చు కూడ పెద్దగా కాలేదు.

తరువాత పైకప్పు సంగతి ఆలోచించినాము. 10 కిలోవాట్ల పలకలు మా అద్దకపు శాల కప్పుమీద పట్టును. ఈ ప్రాంతపు ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వేసుకొన్నచో సంవత్సరమునకు 14,000 యూనిట్ల పైన. మేము కూడ సర్టిఫికెట్లు పుట్టించి అమ్ముకొనవచ్చునా అని ఒక సభ్యుడు ఆశపడినాడు. ఒక సర్టిఫికెట్టుకు 350 వచ్చునని అనుకొన్నను పదునాలుగింటికి 4,900 రూపాయలు. నమోదు ఖర్చులకే చాలదు. అదే కరెంటును మనమే వాడుకొని, యూనిట్టుకు ఆరు రూపాయల బిల్లు తప్పినదని వేసుకొన్నను 84,000. చిన్న సంఘములకు లాభము పలకలలో ఉన్నది గాని పత్రములలో లేదు. బ్యాంకు అప్పు కొరకు దరఖాస్తు పెట్టినాము.

అది వచ్చువరకు ఈ సంవత్సరపు లెక్కకు ఏమి చేయవలెను? ఇక్కడ పాలకవర్గము రెండు పక్షములైనది. సర్టిఫికెట్టు కొనుట డబ్బు ఇచ్చి పుణ్యము కొనుట వంటిదని అధ్యక్షులవారి వాదము. ఆర్డరు నిలుపుకొనుట 30 కుటుంబముల కూలి సంగతియని తక్కినవారి వాదము. నా అభిప్రాయము అడిగినారు. మన 19 సర్టిఫికెట్లవలన కొత్తగా ఒక పలకయైనను లేచునని నేను చెప్పలేను. ఆ ధరకు అది జరుగదు. వేలమంది కొని, నిర్బంధపు వాటా ఏటేట పెరిగి, మిగులు సరుకు తగ్గినప్పుడే ధరకు బలము వచ్చి కొత్త కేంద్రములకు ఊతమగును. అందులో మన భాగము ఉప్పులో చిటికెడు. కొన్నచో కొన్నంత మాత్రమే చెప్పవలెను, చీటీలు అంటించరాదని నేను అన్నాను. తీర్మానము ఆ ప్రకారము జరిగినది. 18,400 యూనిట్లకు 18 చాలవు, సగము సర్టిఫికెట్టు ఉండదు గనుక 19 కొన్నాము. లైసెన్సు గల వ్యాపారి ద్వారా రుసుములతో కలిపి ఏజెంటు అడిగిన దానిలో అయిదవ వంతు కూడ కాలేదు. సంఘము పేర రద్దయినట్లు సంఖ్యతో సహా వచ్చినది. మినిట్సు పుస్తకములో అతికించినాము.

ఇది వ్రాసి ఊరకున్నచో సగము నిజమే వ్రాసినవాడనగుదును. సర్టిఫికెట్టు కరెంటుకు మాత్రమే. మా అద్దకపు శాలలో నీళ్ళు కాగునది కరెంటుతో కాదు, కట్టెలతోను గ్యాసుతోను. ఆ పొగకు ఆర్.ఇ.సి. సంబంధము లేదు. రంగు నీళ్ళకు అసలే లేదు. వృషభావతి నది ఏ రంగులో పారుచున్నదో మైసూరు రోడ్డున పోవు ప్రతివాడును చూచుచున్నాడు. అందులో మన చేనేత అద్దకముల పాలు చిన్నదే కావచ్చును, సున్న మాత్రము కాదు. కరెంటు పద్దు సరిచేసికొన్నంత మాత్రమున మన తొట్టి నీళ్ళు తేటపడవు. రంగు నీళ్ళు శుద్ధి చేయు ఏర్పాటుకు కావలసిన పైకము కరెంటు పత్రములకంటె ముందు వెదకవలసినదని నేను పాలకవర్గమునకు వ్రాసి ఇచ్చినాను. అది ఇంకను చర్చలోనున్నది.

చివరికి ఫారము నింపి పంపితిమి. మొత్తము యూనిట్లు 18,400, గ్రిడ్డునుండి, అందుకు 19 సర్టిఫికెట్లు, రద్దు సంఖ్య ఇంత, కట్టెలు ఇన్ని, గ్యాసు ఇంత. ఫారములో "నేత యంత్రములకు వాడిన యూనిట్లు" అని వేరుగా ఒక గడి ఉన్నది. అందులో సున్న వేసితిని. వేయునప్పుడు ఒక లెక్క తోచినది. ఒక హార్సుపవరు మోటారు గల మరమగ్గము ఎనిమిది గంటలు నడచినచో సుమారు ఆరు యూనిట్లు, సంవత్సరమునకు 300 దినములు పనియనుకొన్నచో 1,800 యూనిట్లు. మా 62 మగ్గములకు అట్టి మోటార్లు బిగించి యున్నచో 1,11,600 యూనిట్లు, అనగా 111 సర్టిఫికెట్లకు పైన. మరమగ్గము మనకంటె ఎన్నో రెట్లు బట్ట నేయును గనుక గజమునకు గజము పోల్చుట న్యాయము కాదని తెలియును. అయినను తీసిన కరెంటుకు సాక్ష్యము పుట్టించు పద్ధతి ఉన్నది గాని, వాడని కరెంటుకు సాక్ష్యము పుట్టించు పద్ధతి ఎక్కడను లేదు.

మూడు వారములకు ఫారము తిరిగి వచ్చినది. ఆర్డరు ఖాయమే గాని ఒక్క సవరణ కావలెనట. నేత యంత్రముల గడి ఎదుట ఎర్రసిరాతో, "సున్న వేసినారు. పొరపాటు కాబోలు. దయచేసి సరిచేసి పంపుడు" అని వ్రాసి యున్నది. దానిక్రింద, పొరపాటు లేదు, మావి గుంటమగ్గములు అని వ్రాసి, గుంటలో కాళ్ళు దించుకొని కూర్చొని నేయుచున్న మా సభ్యురాలి ఫోటో ఒకటి జతపరచి, మరుసటి టపాలో పంపితిని.